పెదమామగారి పెట్టెలో జర్మనీ మైకు

పోయిన నెల మా పెద్దత్తగారు చెన్నై నుంచి వస్తూ ఆవకాయ జాడీతో పాటు ఒక చెక్కపెట్టె కూడా తెచ్చారు. తెరిస్తే, పాత పంచె ముక్కలో చుట్టి అర లీటరు పాలసీసా అంత మైకు. పక్కన ఇటుకలా బరువైన కరెంటు డబ్బా. మా పెదమామగారు కోడంబాక్కంలో ఒక రికార్డింగ్ థియేటర్లో పనిచేశారు. అది మూతపడ్డప్పుడు జీతం బాకీ కింద ఇచ్చారట. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆవిడని దాన్ని ముట్టుకోనివ్వలేదు. "ఒక్కసారి అందులో నా గొంతు వినాలనుందే అమ్మాయ్" అన్నారు.

మావాడు అప్పుడే ప్లగ్గు పట్టుకుని సిద్ధం. నేను ఆపాను. ఏదో తెలిసి కాదు. అటక మీద ఏళ్ళ తరబడి పడున్న మిక్సీని తీసి పెడితే ఢామ్మన్నది ఇంకా మర్చిపోలేదు.

చదివితే తెలిసింది, ఇది యూ-47 అట. గేయోర్గ్ నాయ్‌మన్ (మనవాళ్ళు న్యూమన్ అనేస్తారు) 1928లో బెర్లిన్‌లో కంపెనీ పెట్టి, సీసా ఆకారంలో పెద్ద మైకు చేశాడు. దానికి 'నాయ్‌మన్ సీసా' అనే పేరు పడింది. యుద్ధంలో బాంబులకి వర్క్‌షాపు దెబ్బతింటే 1943లో గెఫెల్ అనే చిన్న ఊరికి సర్దుకుపోయారు. యుద్ధం అయ్యాక ఆ ఊరు రష్యావాళ్ళ వాటాలో పడింది. ఆయన బెర్లిన్‌లో మళ్ళీ మొదలుపెట్టి, 1949లో ఈ యూ-47ని తెచ్చాడు. ఫ్రాంక్ సినాట్రా పాడిందీ, బీటిల్స్ పాడిందీ ఈ రకం ముందే. అమ్మింది టెలిఫుంకెన్ కాబట్టి మా దాని మీద ఆ ముద్రే ఉంది.

లోపల గుండెకాయ వీఎఫ్-14 అనే వాల్వు. 1950ల చివర్లో దాని తయారీ ఆగిపోయింది, 1965కల్లా మైకు తయారీ కూడా ఆపేశారు. అంటే తొందరపడి మాడ్చుకుంటే మళ్ళీ దొరకడం గగనం. ఇక శబ్దాన్ని పట్టే పొర, వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ మీద బంగారు పూత. పాతవాటిలో ఆ ప్లాస్టిక్ పీవీసీ. ఏళ్ళు గడిస్తే ఎండి బిరుసెక్కి పగులుతుంది. దుమ్ముందని 'ఉఫ్' అని ఊదితే నోటి తడి చాలు, చెడిపోవడానికి.

మా ఊళ్ళో పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన మొదటి వారం కరెంటు జోలికే పోలేదు. మైకుని సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి ఉంచారు (కొత్త హ్యాండ్‌బ్యాగుల్లో వచ్చే ఆ పొట్లాల్ని ఇన్నాళ్ళూ పారేశాను!). తర్వాత మైకు తగిలించకుండా కరెంటు డబ్బా ఒక్కటే విప్పారు. ఎండిపోయిన కండెన్సర్లు మార్చారు. ప్లగ్గు తీసేసినా వాటిలో కరెంటు నిలవుంటుందట, అందుకే ముందు దాన్ని దింపి, మీటరుతో చూసి గానీ చెయ్యి పెట్టలేదు. ఆపైన సిరీస్ బల్బు మీద వెలిగించారు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, వస్తువు బతుకుతుంది. మైకుకి బదులు ఒక రెసిస్టర్ తగిలించి కొలిస్తే 105 వోల్టులు నిలకడగా వచ్చాయి. అప్పుడు ఆపేసి, మైకు కలిపి, మళ్ళీ వేశారు.

వాల్వు ఎర్రగా వెలుగుతుందని మావాడు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఏం లేదు! ఈ వాల్వుకి గాజు కాదు, ఉక్కు తొడుగు. పావుగంట వేడెక్కనిచ్చారు. చుట్టూరా వినే వైపు తిప్పితే చిటపటలు, వెనక పొర పోయిందన్నారు. ముందువైపు మాత్రమే వినేలా పెడితే శుభ్రంగా ఉంది.

"ఏదైనా మాట్లాడండమ్మా" అన్నారాయన. పెద్దత్తగారు చెంగు సర్దుకున్నారు. వన్ టూ త్రీ అంటారనుకున్నాను.

"ఏమండీ, వినపడుతోందా?" అన్నారు.

తర్వాత మంగళహారతి పాడారు. మళ్ళీ పెట్టి విన్నాం. ఆవిడ గాజుల చప్పుడు కూడా పడింది.