చక్రాల కుర్చీలో కూర్చుని కట్టిన ఆసుపత్రి

రాయవేలూరు ఆసుపత్రి గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. కాట్పాడి స్టేషన్లో దిగి, రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని ఆటో ఎక్కినవాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అయితే ఊరికి కాస్త అవతల, బాగాయంలో, అదే సంస్థకు చెందిన పునరావాస కేంద్రం ఒకటి ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. అవసరం పడినవాళ్ళకే ఆ దారి తెలుస్తుంది. వెన్ను విరిగి నడుము కింద చచ్చుబడినవాళ్ళను అక్కడికి స్ట్రెచర్ మీద తీసుకొస్తారు. 1966లో మొదలైన ఆ కేంద్రానికి 2026తో అరవై ఏళ్ళు నిండుతున్నాయి. దాన్ని స్థాపించిన డాక్టరు మేరీ వర్గీస్‌కు కూడా నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. ఆమె ఆ కేంద్రాన్ని చక్రాల కుర్చీలో కూర్చునే నడిపారు.

వజ్రోత్సవ సంచికల్లో సాధారణంగా భవనాల లెక్క, పడకల లెక్క, పదవుల వరస రాస్తారు. అవీ ఉండాలి. కానీ ఈ కేంద్రం చరిత్ర రాసేటప్పుడు క్రైస్తవులమైన మనం తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. దేవుని శక్తి ఒక మనిషిలో పనిచేసిందని ఎప్పుడు అంటాం? మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్ళు బాగయినవాళ్ళే. మంచం పట్టి లేచినవాళ్ళు, డాక్టర్లు చేతులెత్తేశాక బతికినవాళ్ళు. లేవనివాళ్ళ సాక్ష్యం మనం అడగం. మేరీ వర్గీస్ లేవలేదు. 1954 నుంచి 1986లో కన్నుమూసేవరకు లేవలేదు.

ఆమె 1925లో కొచ్చి దగ్గర చెరాయి అనే ఊళ్ళో, కలిగిన కుటుంబంలో పుట్టారు. వైద్యం చదవడానికి వేలూరు వచ్చారు. ఆ కళాశాల కథ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. అమెరికన్ మిషనరీ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడ్డర్, మగ డాక్టరు చేత వైద్యం చేయించడానికి ఒప్పుకోని ఇళ్ళలో ముగ్గురు గర్భిణులు ఒక్క రాత్రి చనిపోవడం చూసి, తాను డాక్టరు కావాలని నిశ్చయించుకున్నారు. 1900లో వేలూరు వచ్చి వైద్యం మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. 1947లో మగపిల్లలకూ ప్రవేశం ఇచ్చారు. మేరీ అక్కడే డాక్టరై, స్త్రీల వైద్యంలో పైచదువు చదవాలనుకున్నారు. కాన్పులు చేసే డాక్టరు కావాలన్నది ఆమె ఆశ.

1954 జనవరిలో యువ డాక్టర్లు కొందరు కలిసి విహారానికి బయలుదేరారు. దారిలో వాహనం బోల్తా కొట్టింది. మేరీకి ముఖం చితికింది, వెన్నుపాము దెబ్బతింది. ప్రాణం దక్కింది గానీ కాళ్ళు దక్కలేదు. అప్పటికి మన దేశంలో వెన్నుపాము తెగినవాళ్ళ గతి ఏమిటో ఆమెకు డాక్టరుగా బాగా తెలుసు. స్పర్శ లేని చోట ఎముక ఒత్తుకుని పుండు పడుతుంది. ఆ పుండు ఎముకదాకా పోతుంది. మూత్రకోశం ఖాళీ కాక చీము పట్టి, ఆ చెడు మూత్రపిండాలకు పాకుతుంది. చాలామంది నెలల్లోనే పోయేవారు. కూర్చోవడానికి వీలుగా వెన్నెముకను గట్టిపరిచే శస్త్రచికిత్సలు ఆమెకు చేశారు. అన్నీ అయ్యాక మిగిలింది తల, భుజాలు, రెండు చేతులు.

ఆ రెండు చేతుల మీద పాల్ బ్రాండ్ కన్ను పడింది. బ్రాండ్ కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, లండన్‌లో సర్జన్ అయి, 1946లో వేలూరు వచ్చినవారు. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో వేళ్ళు కొంకర్లు పోయిన ఒక యువకుడి చేతిలో తన చెయ్యి పెట్టి నొక్కమన్నారు. నొప్పితో ఆయనే కేకవేయవలసి వచ్చింది. వేళ్ళు వంకరపోయాయి గానీ ముంజేతిలో కండ బలంగానే ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ పట్టు నుంచి ఒక శాస్త్రమే పుట్టింది. కుష్ఠు క్రిమి మోచేతి దగ్గర నరాన్ని దెబ్బతీస్తే అరచేతి చిన్న కండరాలు చచ్చుబడతాయి, వేళ్ళు పక్షి గోళ్ళలా ముడుచుకుంటాయి. బాగున్న ఒక కండరానికి చెందిన స్నాయువును, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడును, విడదీసి, చర్మం కింద దారి చేసి, వేళ్ళకు తెచ్చి కుట్టవచ్చు. తరువాత వారాల తరబడి అభ్యాసం చేయించాలి, ఎందుకంటే నిన్నటిదాకా మణికట్టు ఎత్తిన కండ ఇప్పుడు వేలు చాపాలని మెదడు కొత్తగా నేర్చుకోవాలి. ఈ శస్త్రచికిత్సలు 1948లో మొదలయ్యాయి.

ఇక్కడే ఒక చిన్న సంగతి గమనించాలి. కడుపు కోసే సర్జన్ నిలబడాలి. చేతికి శస్త్రచికిత్స చేసే సర్జన్ కూర్చునే చేస్తాడు. రోగి చెయ్యి పక్కనున్న చిన్న బల్ల మీదికి చాపి ఉంటుంది. పని అంతా జానెడు జాగాలో, సన్నటి సూదితో, ఓపికగా సాగుతుంది. కాళ్ళతో నిమిత్తం లేదు. బ్రాండ్ ఈ మాటే మేరీకి చెప్పారు. కాన్పులు చేయాలనుకున్న అమ్మాయి, ఎవరూ ముట్టుకోని చేతులను బాగుచేసే సర్జన్ అయింది. చక్రాల కుర్చీని ఆ బల్ల దాకా తోసుకొచ్చి, ఆమె పని మొదలుపెట్టేవారు. వేళ్ళలో స్పర్శ లేక కాలినా తెలియని రోగి ఒక పక్క, పాదంలో స్పర్శ లేక గుచ్చుకున్నా తెలియని డాక్టరు మరో పక్క. వార్డులో రోగులు ఆమె మాట విన్నంతగా మరొకరి మాట వినకపోతే ఆశ్చర్యమేముంది?

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో తన శరీరంలోని ముల్లు గురించి చెప్పుకున్నాడు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ప్రభువు తీయలేదు. కృప ఇచ్చాడు, ముల్లు ఉంచాడు. అదే పత్రికలో పౌలు సువార్త అనే ధనాన్ని మట్టి కుండల్లో పెట్టి ఉన్నదిగా చెబుతాడు, ఆ బలం కుండది కాదని తెలియడానికే. ఈ వాక్యాల మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. విని ఇంటికొచ్చి, పక్కింటి అబ్బాయి నడవలేకపోతే మాత్రం విశ్వాసం చాలలేదని గుసగుసలాడతాం. యాకోబు పెనూయేలు నుంచి కుంటుతూనే వచ్చాడు, ఆశీర్వాదంతోనే వచ్చాడు. లేచిన ప్రభువు తోమాకు గాయాలు చూపించాడు, వాటిని చెరిపేసుకుని రాలేదు. ఇంత స్పష్టంగా రాసి ఉన్న సంగతిని మనం ఎందుకు పక్కన పెడుతున్నామో నాకు అంతుపట్టదు.

స్వస్థత కోసం ప్రార్థించడం తప్పని నేను అనను. నేనూ చేస్తాను. కానీ స్వస్థత కూడికల్లో వేదిక మీద చక్రాల కుర్చీని ఖాళీ చేసి చూపడమే దేవుని మహిమ అన్నట్టు మాట్లాడటం, లేవలేనివాణ్ణి చాటుగా వెనక్కి పంపడం, ఇవి క్రూరత్వం. ఆ రాత్రి వాడు ఇంటికి రెండు బరువులతో పోతాడు. చచ్చుబడిన కాళ్ళు ఒకటి, దేవుడు తనను కాదన్నాడన్న దిగులు ఒకటి. రెండోది మనం పెట్టినది.

మళ్ళీ వేలూరుకు. బ్రాండ్ రోగుల్లో కొందరు చేతులు బాగయ్యాక తిరిగి వచ్చి వాపోయారు. వంకర వేళ్ళు చూసి చిల్లర వేసేవాళ్ళు ఇప్పుడు వేయడం లేదు, మచ్చ పోలేదు కాబట్టి పని ఇచ్చేవాడూ లేడు. శస్త్రచికిత్సతో పని పూర్తి కాలేదని అప్పుడే తేలింది. అందుకే కళాశాల ఆవరణలో నవజీవ నిలయం అనే చిన్న పల్లె వెలిసింది. చేతులు బాగయినవాళ్ళు అక్కడ ఉండి వడ్రంగం లాంటి పనులు నేర్చుకున్నారు. స్పర్శ లేని చేత్తో సుత్తి పట్టుకోవడం, పొయ్యి మీద గిన్నె దించడం, రాత్రి ఎలుక వేలు కొరికినా తెలియదు కాబట్టి పిల్లిని పెంచుకోవడం, ఇవన్నీ చదువుగానే నేర్పారు.

మేరీ దీన్ని దగ్గర నుంచి చూశారు. శస్త్రచికిత్స తరువాత మనిషి ఏమవుతాడన్నది ఆమెకు సొంత ప్రశ్న కూడా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్ళి, మంచం మీద నుంచి కుర్చీలోకి తనంతట తాను మారడం దగ్గర నుంచి నేర్చుకున్నారు. తరువాత న్యూయార్క్‌లో, రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన వైమానికులకు పునరావాస వైద్యం అందించిన హోవార్డ్ రస్క్ దగ్గర ఆ వైద్యమే చదివారు. తిరిగొచ్చి వేలూరులో ఆ విభాగం మొదలుపెట్టారు. 1966లో బాగాయం కేంద్రం తెరుచుకుంది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

అక్కడ జరిగే పని పైకి గొప్పగా కనబడదు. మంచం మీద ఉన్నవాణ్ణి రెండేసి గంటలకు ఒక్కో పక్కకు తిప్పుతారు. కుర్చీలో కూర్చున్నవాడు పదిహేను ఇరవై నిమిషాలకొకసారి చేతుల మీద బరువు వేసి పిరుదులు పైకెత్తాలి. కాసేపే, కానీ మరిచిపోకూడదు. అద్దం పట్టుకుని తన వీపు, మడమలు తానే చూసుకోవాలి, ఎక్కడైనా ఎర్రబడితే పుండుకు అదే తొలి సంకేతం. శుభ్రమైన సన్నని గొట్టంతో వేళకు మూత్రం తీసుకోవడం నేర్చుకోవాలి. కాళ్ళకు ఇనుప పట్టీలు కట్టుకుని, రెండు కడ్డీల మధ్య నిలబడాలి. పక్కనున్న భార్యో తల్లో ఇవన్నీ చూసి నేర్చుకుంటుంది. తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డ గీత కార్మికుడి సంగతి ఆలోచించండి. మన తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో ఈ ప్రమాదం తెలియని ఊరు లేదు. చెట్టు ఎక్కే కాళ్ళు పోయాక అతడి ఇల్లు ఎలా గడుస్తుంది? ఇలాంటి చోట వైద్యం అంటే వెన్నుతో పాటు అతడి వంటగది, మరుగుదొడ్డి, గుమ్మం ఎత్తు కూడా. కేంద్రం నుంచి వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ కలుసుకునేందుకు పునరావాస మేళా జరుపుతారు. ఒంటి పరీక్షలు ఉంటాయి, ఆటల పోటీలూ ఉంటాయి.

దేవుని శక్తి అంటే నాకు ఇప్పుడు ఇదే గుర్తొస్తుంది. ప్రమాదాన్ని దేవుడే పంపాడని చెప్పే ధైర్యం నాకు లేదు, అలా చెప్పేవాళ్ళ మాట నమ్మను కూడా. విరిగిన వెన్ను చెడ్డదే, చెడ్డదిగానే మిగిలింది. కానీ ఆ మిగిలిన తల, భుజాలు, రెండు చేతులను ప్రభువు పనిలో పెట్టుకున్నాడు. ఆమె తన కుర్చీని దాచుకోలేదు, కొత్త రోగి మంచం పక్కకు ముందు అదే వెళ్ళేది. ఆరోగ్యంగా నిలబడ్డ డాక్టరు "బతకవచ్చు" అని చెప్పడం వేరు, ఆమె చెప్పడం వేరు. ఆ మాటకు ఆమె శరీరమే సాక్ష్యం.

ఈ సంచిక చదివి మెచ్చుకుని పక్కన పెట్టేయకండి. వచ్చే ఆదివారం మీ మందిరం గుమ్మం దగ్గర మెట్లు లెక్కపెట్టండి. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు చొప్పున వాలుదారి కావాలి. మూడు మెట్లు కలిపి పద్దెనిమిది అంగుళాలుంటే పద్దెనిమిది అడుగుల వాలు సరిపోతుంది. పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టండి. మరుగుదొడ్డి తలుపు మూడడుగుల వెడల్పు ఉంచండి. లోపల మొదటి వరుసలో ఒక కుర్చీ తీసేసి చోటు వదలండి. ఆ తరువాత మీ ఊళ్ళో మంచాన ఉన్న మనిషి ఇంటికి వెళ్ళి, వచ్చే వారం సాక్ష్యం చెప్పమని అడగండి.