స్పానిష్ విడిచిపెట్టిన 'ష'కారం

దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ పట్టణపు ద్రాక్షసారాయికి ఇంగ్లీషులో షెర్రీ అన్న పేరు ఏర్పడడంలో ఒక వింత ఉంది: నేటి స్పానిష్ విద్యార్థి 'షూ', 'షిప్' వంటి మాటల్లో పట్టుబడక తరచు 'చ'గా మార్చేసే ధ్వనితోనే అతని పూర్వికులు ఆ ఊరిపేరును మొదలుపెట్టేవారు. ఎక్స్ అక్షరంతో రాసే ఆ పేరును ఇంగ్లీషువారు 'షెరిస్'గా విన్నారు. చివరి సకారాన్ని బహువచనమనుకొన్న తరువాతి తరాలు దానిని తొలగించగా షెర్రీ మిగిలింది. 1605లో వెలువడిన సెర్వాంటెస్ నవలానాయకుణ్ణి స్పానిష్‌వారు నేడు 'కిహోతె' అంటుండగా, ఫ్రెంచివారు 'కిషోత్' అనే పిలవడం కూడా ఆ పాత ఉచ్చారణకు సాక్ష్యమే.

మధ్యయుగపు కాస్తీల్ భాషలో ఊష్మాలు, అనగా గాలి ఇరుకు సందులోంచి ఒరుసుకొంటూ వెలువడే ధ్వనులు, శ్వాస నాద భేదంతో జంటలుగా ఉండేవి. 'స'కు తోడు కంఠనాదంతో పలికే ఇంగ్లీషు 'జూ'లోని తొలి ధ్వని, 'ష'కు తోడు దాని నాదరూపం ఉండగా, వీటి పక్కనే మొదట 'చల్ల', 'జల్లెడ' మాటల్లోని తెలుగు దంత్య చ, జలను పోలిన మరో జంట కూడా ఉండేది. 16వ శతాబ్దంలో నాదరూపాలు శ్వాసరూపాల్లో కలిసిపోయాయి. మిగిలినవి చెవికి మరీ దగ్గరగా ఉండడంతో 'ష' క్రమంగా గొంతు వెనక్కి జరిగి, 17వ శతాబ్దంలో నేటి కరకు 'హ'గా స్థిరపడింది. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడి సలోనికా, ఇస్తాంబుల్ వంటి నగరాల్లో స్థిరపడిన యూదుల స్పానిష్‌లో మాత్రం 'ష'తోపాటు నాదరూపాలూ నిలిచాయి.

ఈ చరిత్రను పట్టించుకోని ఇంగ్లీషు ఉచ్చారణ పాఠాలు స్పానిష్ మాట్లాడేవారందరినీ ఒకే గాటన కడతాయి. ఆ దంత్య జంట కాస్తీల్‌లో నాలుక కొన పళ్లకు ఆనే ధ్వనిగా మారినందున మాడ్రిడ్ విద్యార్థికి ఇంగ్లీషు 'థింక్' తొలి ధ్వని పుట్టుకతోనే ఉంది, అది 'స'లో కలిసిపోయిన లీమాలో లేదు. 'ష' విషయంలో బ్వేనస్ ఐరెస్ వాసికి ఇబ్బందే ఉండదు, ఎందుకంటే 'వీధి' అని అర్థమిచ్చే 'కాయె'ను అతడు 'కాషె' అంటాడు. 'ఐస్', 'ఐజ్' తేడా వినిపించని చోట కూడా 'మిస్మో' అన్న సొంత మాటలో మకారం ముందు సకారం నాదం పొందడాన్ని చూపితే సగం దారి నడిచినట్లే.

లిపి కథ వేరు. ఉచ్చరించినట్లే రాయాలన్న స్పానిష్ వ్యాకరణకర్త నెబ్రీహా సూత్రం 1492 నాటిది. స్పానిష్ అకాడమీ 1815లో ఆ 'హ' ధ్వనికి ఎక్స్‌ను మానిపించి జె అక్షరాన్ని విధించింది. ఇంగ్లండులో మాత్రం 1476లో కాక్స్‌టన్ అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత ఇంగ్లీషు అచ్చులు నోట మారుతున్నా కాగితం మీద చాలావరకు పాత రూపాల్లోనే నిలిచాయి. అందుకే 'దో', 'త్రూ', 'టఫ్', 'కాఫ్' మాటలకు ఒకే నాలుగక్షరాల ముగింపు ఉండడం స్పానిష్ పాఠకుడికి అన్యాయంగా తోస్తుంది. ఇంగ్లీషు వర్ణక్రమం నడుమ, లండన్‌లోనే, వెనిజులా పండితుడు ఆంద్రేస్ బెల్యో 1823లో స్పానిష్ లిపిని మరింత సరళం చేసే ప్రణాళిక ప్రకటించడం విశేషం. దానిలోంచి పుట్టిన సవరణలు చిలీలో 1844 నుంచి 1927 వరకు అమలులో ఉన్నాయి.