కిటికీ పలక, నిలువుటద్దం: ఇంటి అద్దాల పుట్టుపూర్వోత్తరాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో తఖత్‌పూర్ వంటి చిన్న పట్టణంలో కిటికీ అద్దం పగిలినా, హైదరాబాదులో భోజనాల బల్ల మీది అద్దం పగిలినా, దుకాణంలో కోసి ఇచ్చే పలక నేడు సాధారణంగా ఫ్లోట్ గ్లాసే, అంటే కరిగిన తగరపు మడుగు మీద తేలుతూ గట్టిపడిన గాజే. రెండు వైపులా అలలు లేకుండా ఉండే ఈ పలక ఇంత చవకగా దొరకడం వెనుక, గాజును చదును చేయడానికి పనివాళ్లు శతాబ్దాల తరబడి పడిన పాట్లు ఉన్నాయి. ఆ చరిత్ర తెలిసినవారికి పాత అద్దాన్ని గుర్తుపట్టడమూ, కొత్తది ఎంచుకోవడమూ సులువవుతాయి.

గాజుకు ముఖ్యమైన ముడిసరుకులు ఇసుక, సోడా, సున్నపురాయి. వీటిని సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిస్తే చిక్కని ద్రవం వస్తుంది గాని, దానిని పలుచని పలకగా పరచడమే కష్టం. 19వ శతాబ్దంలో పనివాడు పొడవాటి గొట్టం చివర గాజుముద్దను తీసుకొని, ఊదుతూ, ఊపుతూ పెద్ద స్తంభంలా సాగదీసేవాడు. రెండు కొసలూ కోసి, నిలువునా చీల్చి, మరో కొలిమిలో మళ్లీ వేడిచేస్తే అది మెల్లగా విచ్చుకొని పలకగా పరుచుకొనేది. 1851లో లండన్ ప్రదర్శన కోసం కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌కు ఛాన్స్ బ్రదర్స్ సంస్థ సుమారు మూడు లక్షల పలకలను ఈ పద్ధతిలోనే తయారుచేసి ఇచ్చింది. బిలాస్‌పూర్ మీదుగా బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం 1891లో పూర్తయ్యే నాటికి కూడా కిటికీ అద్దమంటే మనిషి ఊపిరితో ఊదినదే. ఆ కాలపు కట్టడాలలో తొలినాటి పలకలు ఎక్కడైనా మిగిలి ఉంటే, తల కాస్త పక్కకు జరిపి చూసినప్పుడు అవతలి చెట్టు కొమ్మ వంకరలు పోతూ కదులుతుంది, గాజులో చిన్న గాలిబుడగలు కూడా కనిపిస్తాయి. కాలక్రమంలో గాజు కిందికి జారడం వల్ల పాత పలకల అడుగు మందమవుతుందన్న మాట వాడుకలో ఉన్నా, అది నిజం కాదు. ఆ మందపు తేడా ఊదినప్పుడే ఏర్పడింది.

బెల్జియం దేశస్థుడు ఎమిల్ ఫూర్కో 20వ శతాబ్దం తొలినాళ్లలో కరిగిన గాజును ఒక చీలిక గుండా నిలువుగా పైకి లాగే యంత్రాన్ని రూపొందించడంతో ఊదే పనికి కాలం చెల్లింది. భారతదేశంలో 1956లో నేటి ఝార్ఖండ్‌లోని భుర్‌కుండా వద్ద ఇండో ఆసాహీ సంస్థ పలక గాజు తయారీకి పూనుకుంది. అయితే యంత్రంతో లాగిన పలకలోనూ సన్నని చారలు మిగిలేవి. ఇంగ్లండులో అలస్టేర్ పిల్కింగ్‌టన్ ఏళ్ల తరబడి శ్రమించి, 1959లో తగరపు మడుగు పద్ధతిని ప్రకటించాక ఆ లోపం తీరింది. ఈ పద్ధతి భారతదేశానికి 1990లలో గాని రాలేదు. 2000లో తమిళనాడులోని శ్రీపెరంబుదూరులో సెయింట్ గోబెన్ కర్మాగారం మొదలైంది.

ఈ కథలో తెలుగు నేలకూ వాటా ఉంది. గూడూరు ప్రాంతంలోని చిల్లకూరు, కోట మండలాల తెల్లని సిలికా ఇసుక గాజు పరిశ్రమకు ముడిసరుకు. ఇసుకలో ఇనుము ఏ కొంచెం ఉన్నా గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అద్దం ముఖం స్వచ్ఛంగా కనిపించినా అంచు వైపు నుంచి చూస్తే పచ్చగా ఉండడానికి కారణం ఇదే. కనుక పచ్చని అంచును కల్తీగా భావించనక్కరలేదు.

ముఖం చూసుకొనే అద్దం దారి వేరు. గాజు అద్దాలకు ముందు మెరుగుపెట్టిన కంచు దర్పణాలే ఉండేవి; కేరళలోని ఆరన్ముళలో నేటికీ లోహపు అద్దాలు పోతపోస్తున్నారు. వెనిస్ సమీపంలోని మురానో ద్వీపంవారు గాజు వెనుక తగరం, పాదరసం కలిపి అంటించడంలో పేరుపొందగా, ఆ గుత్తాధిపత్యాన్ని విరగగొట్టడానికి ఫ్రాన్సు 1665లో సొంత అద్దాల సంస్థను స్థాపించుకుంది. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గాజు మీద పలుచని వెండి పొర పేరుకొనే విధానాన్ని కనుగొన్నాక, పనివాళ్లను రోగాల పాలు చేసిన పాదరసం క్రమంగా తప్పుకుంది. తెలుగు ఇళ్లలో తరాలుగా దాచుకున్న నిలువుటద్దాన్ని బెల్జియం అద్దం అని గొప్పగా చెప్పుకోవడానికి, 19వ శతాబ్దంలో ఆ దేశం పలక గాజు ఎగుమతిలో అగ్రగామిగా ఉండడమే కారణం. అలా పిలిచిన ప్రతి అద్దమూ అక్కడిదే కానవసరం లేదు. మరీ పాతకాలపు అద్దం వెనుక పాదరసపు పూత ఉండే అవకాశం ఉంది గనుక దానిని గీకడం ప్రమాదకరం. మచ్చలు పడినంత మాత్రాన అటువంటి అద్దాన్ని మార్చడం కన్నా, చట్రంతో సహా అలాగే ఉంచుకోవడమే ఉచితం.

కొత్త అద్దం వేయించేటప్పుడు మొదట చూడవలసినది మందం. చదరపు మీటరు గాజు ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోల బరువు తూగుతుంది. అందువల్ల చిన్న కిటికీకి 4 మిల్లీమీటర్ల పలక చాలు గాని, బల్ల మీద పరిచే 12 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది, దానిని మోసే కాళ్లు గట్టిగా ఉండాలి. పాత చెక్క కిటికీలో సుద్దపొడి, అవిసె నూనె కలిపిన పుట్టీ ఎండి రాలిపోతే అద్దం వదులవుతుంది. కొత్త పలకను చట్రం కన్నా చుట్టూ రెండు మిల్లీమీటర్లు తక్కువగా కోయించకపోతే వానాకాలంలో చెక్క ఉబ్బి దానిని నొక్కుతుంది. స్నానాలగది తలుపుకూ, పిల్లలు తిరిగే చోట బల్లకూ టఫెన్డ్ గాజు అవసరం. 1874లో ఫ్రాన్సులో డి లా బాస్టీ వేడి గాజును నూనెలో ముంచి గట్టిపరచిన ప్రయోగానికి ఇది వారసత్వం. నేడు పలకను 600 డిగ్రీలకు మించి కాచి, గాలి విసురుతో ఒక్కసారిగా చల్లారుస్తారు. పై పొరలు బిగుసుకొని ఉండడం వల్ల ఇది మామూలు గాజు కన్నా నాలుగైదు రెట్లు దృఢంగా ఉంటుంది, పగిలితే కత్తుల్లాంటి పెంకులుగా కాక మొద్దు పలుకులుగా రాలుతుంది. అదే బిగువు వల్ల, తయారైన తరువాత దానిని కోయబోయినా, రంధ్రం వేయబోయినా పలక మొత్తం పగిలిపోతుంది; అందుకే కొలతలూ, మరమేకుల రంధ్రాలూ, అంచుల మెరుగూ అన్నీ కొలిమికి పంపే ముందే ముగించాలి.