విండోస్‌లో తెలుగుకీ ఉర్దూకీ ఒకటే దర్వాజా

విండోస్ పుట్టి నలభై ఏళ్ళు దాటింది. మొదటి విండోస్ బజారులోకి వచ్చిన తారీఖు 1985 నవంబర్ 20. దాని చరిత్ర ఇంగ్లీషు కితాబుల్లో బోలెడంత ఉంది. వాటిలో పెద్దగా కనపడని సంగతి ఒకటుంది: మన హర్ఫులు ఆ యంత్రం లోపలికి ఎప్పుడు వెళ్ళాయి? తెర మీదికి కాదు, లోపలికి. ఈ రెండూ ఒకటే అనుకుని ఏలూరు, తాడేపల్లిగూడెం డీటీపీ దుకాణాల చుట్టూ తిరిగిన వాళ్ళం చాలామందిమి ఉన్నాం. అందుకే ఈ మజ్మూన్ రాస్తున్నాను.

విండోస్ కంటే ముందు డాస్. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. దానికి కావలసిన ఆపరేటింగ్ సిస్టంను మైక్రోసాఫ్ట్ మొదటినుంచీ సొంతంగా తయారు చేసింది కాదు. సియాటిల్‌లో టిమ్ పాటర్సన్ అనే ఇంజినీరు రాసిన 86-డాస్‌ను కొని, మార్పులు చేసి ఇచ్చింది. నల్లటి తెర, ఇంగ్లీషు అక్షరాలు. మనం హుకుం టైపు చేస్తే అది జవాబిస్తుంది. మన భాషలకి అందులో జాగా లేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పూణే సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డును కంప్యూటరులో బిగిస్తే డాస్ తెర మీద తెలుగు కనపడేది. దాని వెనక ఇస్కీ అనే ఏర్పాటు ఉండేది, 1991లో భారత ప్రమాణం అయింది. తెలుగు 'క'కీ హిందీ 'క'కీ ఒకటే నంబరు. చాలా తెలివైన ఇంతజామ్. కాకపోతే అది బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులకే. కుడి నుంచి ఎడమకి రాసే ఉర్దూ అందులోకి రాలేదు.

1992లో విండోస్ 3.1 వచ్చింది. డీటీపీ దుకాణాలకి బర్కత్ తెచ్చింది ఇదే, ఎందుకంటే ఇందులో ట్రూటైపు ఫాంట్లు ఉన్నాయి. ఏలూరు తివాచీ చూసిన వాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. తివాచీలో పువ్వంటే ముడుల వరస. దగ్గరికి వెళ్ళి చూస్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. డాస్ అక్షరం అలాంటిదే, చుక్కల ముద్ద. ట్రూటైపులో అక్షరం అంచు గీత రూపంలో ఉంటుంది. శుభలేఖలో చిన్నగా వేసినా, జండా మీద పెద్దగా వేసినా నునుపు చెడదు. అను లాంటి తెలుగు ఫాంట్లు, పేజ్‌మేకరూ తోడయ్యాక గల్లీకొక దుకాణం వెలిసింది.

అయితే ఈ ఫాంట్లు చేసింది ఒక మారువేషం. ఆనాటి విండోస్ ఒక ఫాంటుకి ఇచ్చేది 256 గళ్ళు. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు: ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఇంకో గడిలో వత్తు. మనకి 'కొల్లేరు' అని కనిపిస్తుంది. కంప్యూటరు దాచుకున్నది మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస. పైగా ఏ కంపెనీ గళ్ళు ఆ కంపెనీవే. ఈనాడు సైటు కూడా కొన్నేళ్ళపాటు సొంత ఫాంటు మీదే నడిచింది.

మా అమ్మీ వాళ్ళ అబ్బా, అంటే మా నానా, ఏలూరు కచ్చేరీ దగ్గర దస్తావేజులు రాసేవారు. కొల్లేటి లంకల ముచ్చట్లు ఆయన నోట వినాలి. తాటి దోనెల్లో వచ్చిన కక్షిదారులు, ఉప్పుటేరు పూడితే ఏ ఊరు ముందు మునుగుతుంది, తమ్మిలేరు పొంగిన ఏడాది ఎవరి కాగితాలు తడిశాయి. 1999లో ఆయన చెబుతుంటే మా మామూ నోటుపుస్తకంలో రాసి, ఒక దుకాణంలో టైపు చేయించారు. నాలుగు ఫ్లాపీలు అయ్యాయి. దుకాణం వాళ్ళు ఫాంటు పేరు చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకీ తోచి ఉండదు. నానా ఇంతకాల్ అయ్యాక, 2004లో ఇంట్లోకి కొత్త కంప్యూటరు వచ్చింది. ఫ్లాపీ పెట్టి తెరిస్తే పేజీల నిండా ఇంగ్లీషు గజిబిజి. నోటుపుస్తకాన్ని అప్పటికే చెద సగం తినేసింది.

అసలు మందు అప్పటికే తయారై ఉంది. దాని పేరు యూనీకోడ్. 1991 నాటి మొదటి రూపంలోనే తెలుగుకి 128 గళ్ళ ఇలాకా రాసిచ్చారు, సొంత ఇలాకా. ఉర్దూకి అరబీ లిపితో కలిపి మరో ఇలాకా. మైక్రోసాఫ్ట్‌లో ఆ రోజుల్లో రెండు ఖాందాన్లు ఉండేవి. ఇళ్ళకి, దుకాణాలకి అమ్మే విండోస్ 95, 98 డాస్ పునాది మీద లేచినవి. ఆఫీసుల కోసం డేవ్ కట్లర్ బృందం కొత్త పునాది వేసి కట్టినది ఎన్‌టీ, 1993లో వచ్చింది. ఎన్‌టీ లోపల మొదటి రోజు నుంచీ యూనీకోడే. ఆ రెండు ఖాందాన్లూ 2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీలో ఒకటయ్యాయి. ఇంగ్లీషు చరిత్రలు దీన్ని మెషీను ఆగిపోకుండా నడవడం కోసం మెచ్చుకుంటాయి. నా లెక్కలో దాని గొప్ప వేరు.

గళ్ళు ఉన్నంత మాత్రాన చాలదు. 'క్ర' రాయాలంటే యూనీకోడ్ మూడు దాచుకుంటుంది: క, పొల్లు, ర. వాటిని కలిపి వత్తుగా తీర్చే పని ఆపరేటింగ్ సిస్టందే. ఉర్దూలోనూ అదే బాపతు. 'బే' అనే హర్ఫ్‌ను ఒక్క నంబరుగానే దాస్తారు. మాట మొదట్లో ఒక షకల్, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ఒంటరిగా ఉంటే మరొకటి. తీర్చేది సిస్టమే. ఈ పని చేసే భాగానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన పేరు యూనీస్క్రైబ్. అంటే కాతిబ్ అనుకోండి. విండోస్ 2000లో ఆ కాతిబ్ నేర్చిన మన దేశపు లిపులు నాగరి, తమిళం. తెలుగు నేర్చింది ఎక్స్‌పీలో. గౌతమి అనే ఫాంటు వచ్చిందీ అప్పుడే. మన గోదావరి పేరు పెట్టుకున్న ఫాంటన్న మాట!

కానీ ఎక్స్‌పీలో తెలుగు నిద్రలో ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఆ గడి పక్కన ఉన్న మాటల మతలబు: సంక్లిష్ట లిపులకీ, కుడి నుంచి ఎడమకి రాసే భాషలకీ కావలసిన ఫైళ్ళు. రెంటికీ కలిపి ఒకటే టిక్కు. లిపుల పేరు చెప్పి జుబాన్‌లని విడదీసే జనానికి ఆ గడి చూపించాలని నాకు చాలాసార్లు అనిపించింది. టిక్కు పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. మన దుకాణాల్లో చాలామంది దగ్గర ఆ సీడీ ఉండేది కాదు, ఎందుకుండదో మీకు తెలుసు. అలా తెలుగు లోపలే ఉండి కూడా బయటికి రాలేదు. 2007లో విస్టా వచ్చాక ఆ టిక్కు అవసరం పోయింది.

ఈ మధ్యకాలంలో పనిని ముందుకి నడిపింది కంపెనీ కాదు, షౌఖ్ ఉన్న మనుషులు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ గారి లేఖిని, పాత ఫాంటు పేజీలని యూనీకోడ్‌లోకి మార్చి చూపిన నాగార్జున వెన్న గారి పద్మ. లినక్స్ మీద తెలుగు కోసం పాటుపడిన స్వేచ్ఛ వాళ్ళు. తెలుగు వికీపీడియాలో ఫైలుని 'దస్త్రం' అంటారు. ఫార్సీ నుంచి కచ్చేరీల మీదుగా మన జుబాన్‌లోకి వచ్చిన మాట అది. నానా వింటే ఖుషీ అయ్యేవారు.

పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. 'నూర్‌జహాన్' అని టైపు చేస్తే కాతిబ్ ర, జ కలిపేసి 'నూర్జహాన్' చేస్తాడు. రెండూ విడివిడిగా ఉండాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు వెయ్యాలి. అదే గుర్తుని ఫార్సీ రాసేవాళ్ళు కూడా హర్ఫులని విడదీయడానికి వాడతారు. ఇది తెలియని ఆపరేటరు చేతిలో ఒకే మనిషి పేరు రెండు కాగితాల్లో రెండు తీర్లుగా పడుతుంది. అప్పుడు ఇద్దరూ ఒకరే అని మీరే సుబూత్ చూపించాలి.

ఉర్దూకి ఇంకొక కష్టం, నస్తాలీఖ్. ఎక్స్‌పీ ఉర్దూ చూపించేది గానీ అరబీ ముద్రల నస్ఖ్‌లో. నస్తాలీఖ్ కోసం మీర్జా అహ్మద్ జమీల్ 1981లో వేల కొద్దీ హర్ఫుల జోడింపులతో నూరీ నస్తాలీఖ్ తయారు చేశారు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ దాన్ని విండోస్ మీదికి తెచ్చింది. విండోస్‌తోపాటే నస్తాలీఖ్ ఫాంటు రావడానికి 2012 దాకా, విండోస్ 8 దాకా పట్టింది.

2014 ఫిబ్రవరి 4న హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. రెండు నెలలకే, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి మద్దతు ఆఖరు. అయినా తాడేపల్లిగూడెంలో నేను వెళ్ళే దుకాణంలో ఎక్స్‌పీ పెట్టె ఇప్పటికీ నడుస్తోంది, ఇంటర్నెట్ తీగ పీకేసి. ఎందుకంటే పేజ్‌మేకర్‌కి యూనీకోడ్ రాదు, అడోబ్ 7వ రూపం దగ్గరే దాన్ని ఆపేసింది. కొల్లేటి గట్ల మీద చేపల చెరువుల రైతు సెల్‌ఫోన్‌లో మేత లెక్క యూనీకోడ్ తెలుగులో పంపిస్తాడు. అదే చెరువు లీజు కాగితం దుకాణంలో పాత ఫాంటులో తయారవుతుంది. నిఖా రుక్కా అయితే తెలుగు పాత ఫాంటులో, ఉర్దూ ఇన్‌పేజ్ నుంచి బొమ్మగా అతికించి.

నానా ఫ్లాపీల్లో మూడింటిని ఆ ఎక్స్‌పీ పెట్టెలోనే చదివించాం. గడులు పోల్చి ఫాంటు ఏదో పట్టుకుని యూనీకోడ్‌లోకి మార్చాం. వత్తులు చాలా చోట్ల తారుమారయ్యాయి, చేత్తో దిద్దుతున్నాను. నాలుగోది తెరుచుకోలేదు. అందులో ఉన్నవి లంకల పేర్లూ, వాటి హద్దులూ అని మామూ అంటున్నారు. మీ ఇళ్ళలో అలాంటి ఫైళ్ళు ఉంటే, దుకాణంలోని పాత పెట్టె తుక్కు సామానుకి పోకముందే వెళ్ళి, ఏ ఫాంటులో కొట్టారో పేరు అడిగి కాగితం మీద రాసి పెట్టుకోండి.