దక్షిణ కొరియాలో పోటీ వీడియో క్రీడల వికాసం

మన పల్లెల్లో సెల్‌ఫోను చేతబట్టి ఆటలాడే పిల్లవానిని చూచి పెద్దలు కలవరపడుట సహజము. అయితే అట్టి ఆటలనే క్రమబద్ధమైన క్రీడగా తీర్చిదిద్దిన దేశమొకటి ఉన్నది. అది దక్షిణ కొరియా. ఆ దేశము పొందిన మేలును, పడిన పాట్లను తెలిసికొనుట తల్లిదండ్రులకు ఉపయుక్తము.

పుట్టుక

1997 చివర దక్షిణ కొరియా తీవ్రమైన ఆర్థిక సంక్షోభములో చిక్కుకొని అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించవలసి వచ్చినది. అనేకులు ఉద్యోగములు కోల్పోయిరి. వారిలో కొందరు తమ చేతనున్న సొమ్ముతో 'పీసీ బాంగ్'లను తెరచిరి. కొరియా భాషలో 'బాంగ్' అనగా గది. గంటకు ఇంత అని చెల్లించి కంప్యూటర్లపై ఆడుకొనే గదులవి. ప్రభుత్వము అదే కాలములో దేశమంతటా వేగవంతమైన ఇంటర్నెట్ వ్యాప్తికి పూనుకొన్నది.

1998లో అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 'స్టార్‌క్రాఫ్ట్' ఆటను విడుదల చేసినది. ఆటగాడు ఖనిజములు సేకరించి, కట్టడములు నిర్మించి, సేనను సమకూర్చుకొని ప్రత్యర్థిని ఓడించవలెను. చదరంగము వలె ఇందును ఎత్తుగడయే ప్రధానము. కాని ఇక్కడ వంతులు లేవు. ఎదుటివాని బలగము వేగులను పంపిననే తప్ప కనబడదు. పీసీ బాంగ్‌లలో మిత్రుల నడుమ సాగిన ఈ ఆట క్రమముగా వీధి పోటీలకు, ఆపై నగర పోటీలకు దారితీసినది.

వ్యవస్థ

2000లో ప్రభుత్వామోదముతో కొరియా ఈ-స్పోర్ట్స్ సంఘము ఏర్పడినది. ఆటగాళ్ల నమోదు, పోటీల నియమములు దాని బాధ్యతలు. ఆటలకే ప్రత్యేకించిన టీవీ ఛానలు 'ఆన్‌గేమ్‌నెట్' కూడ 2000లోనే మొదలైనది. లిమ్ యో-హ్వాన్ వంటి ఆటగాళ్లు సినీతారల వలె ప్రసిద్ధులైరి. 2004లో బుసాన్ నగరపు గ్వాంగల్లి సముద్రతీరమున జరిగిన తుది పోటీని సుమారు లక్షమంది తిలకించిరని నాడు లెక్కకట్టిరి. ఆ దేశములో యువకులకు సైనిక సేవ తప్పనిసరి. ఆ సేవలో ఉన్న ఆటగాళ్ల కొరకు వైమానిక దళము 2007లో ఒక జట్టునే నెలకొల్పినది. అది 2012 వరకు కొనసాగినది.

పిమ్మట 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అను ఐదుగురి జట్టు ఆట ప్రాబల్యము పొందినది. 1996లో జన్మించి 'ఫేకర్'గా పేరొందిన లీ సాంగ్-హ్యోక్ 2013 నుండి 2025 వరకు తన జట్టుతో ఆరు పర్యాయములు ప్రపంచ విజేతగా నిలిచెను. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కొరియా ఈ ఆటలో స్వర్ణ పతకము గెలుచుకొన్నది.

చీకటి కోణము

ఈ కీర్తికి మరొక వైపు కూడ ఉన్నది. జట్టు వసతిగృహములలో నివసించుచు రోజుకు పది గంటలకు పైగా సాధన చేయుట అక్కడ సామాన్యము. బడి చదువును మధ్యలో విడిచినవారు కలరు. ఫేకరు కూడ అట్టివాడే. ఒక్క ఫేకరు వెనుక పేరు తెలియని వారెందరో మిగిలిపోయిరి. 2010లో జూదగాండ్రతో కుమ్మక్కై ఆటలు ఓడిపోయిన వ్యవహారము బయటపడగా, సంఘము 11 మంది ఆటగాళ్లను శాశ్వతముగా బహిష్కరించినది. 2011లో ప్రభుత్వము 16 ఏండ్ల లోపువారు అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరు గంటల వరకు ఆన్‌లైన్ ఆటలాడరాదని చట్టము చేసినది. పిల్లలు సెల్‌ఫోను ఆటలకు మళ్లగా అది అంతగా ఫలించలేదు. 2022 జనవరి నుండి దానిని రద్దుచేసి, వేళలను తల్లిదండ్రులే నిర్ణయించే పద్ధతికి ప్రాధాన్యమిచ్చిరి.

మన సంగతి

ఊరు ఒక రాష్ట్రమున, బడి మరొక రాష్ట్రమున ఉన్న మనబోటి వారికి చట్టములును వేరువేరుగానే ఉండెడివి. పందెముతో కూడిన ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. కర్ణాటక 2021లో చేసిన చట్టములోని ముఖ్య నిబంధనలను 2022లో ఆ రాష్ట్ర హైకోర్టు కొట్టివేసినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి ఒకే చట్టమును ఆమోదించినది. అది డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించినది.

కావున తల్లిదండ్రులు మొదట విచారించవలసినది ఒక్కటే: గెలుపు ఆశ చూపి ఆ ఆట పిల్లవాని చేత డబ్బు ఒడ్డించుచున్నదా? అవునన్నచో అది క్రీడ కాదు, జూదము, వెంటనే మాన్పించవలెను. కాదన్నచో నిద్రకు, చదువుకు భంగము కలుగని వేళను ఇంటిలోనే పిల్లవానితో కూర్చుండి నిర్ణయించుకొనుట మేలు. చట్టముతో ప్రయత్నించిన కొరియా సైతము తుదకు ఆ బాధ్యతను ఇంటికే అప్పగించినది.