రోటరీ ఇంజన్‌కు డ్రై సంప్ ఏర్పాటు

ఇంజన్ అడుగున ఉండే పాన్‌లో ఆయిల్‌ను నిల్వ ఉంచకుండా, దిగినది దిగినట్టే బయటి ట్యాంకులోకి తోడి, అక్కడి నుంచి ఒత్తిడితో మళ్లీ బేరింగులకు పంపే ఏర్పాటును డ్రై సంప్ అంటారు. మాజ్దా ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 కార్లు రెండూ కంపెనీ నుంచి వెట్ సంప్‌తోనే వచ్చాయి. అంటే ఆయిల్ పాన్‌లోనే ఉంటుంది, ముందు వైపున్న పంపు దాన్ని పీల్చుకుంటుంది. రేసు ట్రాక్ కోసం ఈ కార్లను తిరిగి కట్టేవారు, ముఖ్యంగా 13బి ఇంజన్ వాడేవారు, దీన్ని డ్రై సంప్‌కు మారుస్తారు. ఒక్కో రోటర్‌కు 654 సీసీ చొప్పున 13బి సామర్థ్యం 1308 సీసీ.

ఆయిల్ మోసే వేడి

రోటరీలో ఆయిల్ పని ఒరిపిడి తగ్గించడంతో తీరదు. నీరు హౌసింగుల్లోనూ, వాటిని రెండు పక్కలా మూసే ఐరన్లలోనూ మాత్రమే తిరుగుతుంది. లోపల తిరిగే రోటర్‌కు నీరు అందదు. రోటర్ బోలుగా ఉంటుంది. ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లోని సన్నని జెట్ల నుంచి ఆయిల్ దాని లోపలికి చిమ్మి, వేడిని పట్టుకుని కిందికి జారుతుంది. ఇంజన్ వదిలించుకోవలసిన వేడిలో పెద్ద వాటా ఇలా ఆయిల్ కూలర్ గుండానే పోతుంది. కాబట్టి ఆయిల్ సరఫరా తగ్గితే బేరింగుతో పాటు రోటర్ కూడా కాగిపోతుంది. కాగిన రోటర్ మీద సీళ్లు ఎక్కువ కాలం నిలవవు.

మార్పు ఎప్పుడు అవసరం

మెత్తని రేసు టైర్ల మీద పొడవాటి మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ పాన్‌లో ఒక పక్కకు ఎగబాకుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు పోతుంది. పీల్చే గొట్టం మూతి ఒక్క క్షణం బయటపడినా పంపు గాలి మింగుతుంది, గేజి ముల్లు దిగజారుతుంది. మలుపు దాటాక ముల్లు మళ్లీ లేస్తుంది కనుక డ్రైవర్ దాన్ని గమనించకపోవచ్చు. ఇంజన్ విప్పినప్పుడు మాత్రం బేరింగు మీది పై పూత పోయి రాగి రంగు కనిపిస్తుంది.

పిస్టన్ ఇంజన్ల విషయంలో డ్రై సంప్‌కు చెప్పే లాభాలన్నీ ఇక్కడ వర్తించవు. అక్కడ క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిమ్ముతూ తిరగడం వల్ల పోయే శక్తి డ్రై సంప్‌తో తిరిగి దక్కుతుంది. రోటరీలో షాఫ్ట్ పాన్‌కు చాలా పైన, హౌసింగుల మధ్యలో ఉంటుంది, పాన్‌లోని ఆయిల్‌ను తాకనే తాకదు. ఇంజన్‌ను కిందికి దించవచ్చన్న వాదన కూడా కొంతవరకే నిజం. షాఫ్ట్ దిగితే గేర్‌బాక్సు కూడా దిగాలి, పైగా పాన్ ముందే లోతు తక్కువ. హార్స్ పవర్ ఆశతో ఈ మార్పు చేయించుకునేవారు నిరాశపడతారు. రోడ్డు మీద నడిపి, అప్పుడప్పుడు ట్రాక్ ఎక్కే కారుకు పాన్‌లో అడ్డుపలకలు, ఒత్తిడితో ఆయిల్ దాచే అక్యుములేటర్ సరిపోతాయి. గంటల తరబడి పరుగెత్తే బండి సంగతి వేరు. 1991లో ల మాన్స్ 24 గంటల పోటీ గెలిచిన మాజ్దా 787బిలోని నాలుగు రోటర్ల ఆర్26బి ఇంజన్ డ్రై సంప్‌తోనే నడిచింది. అది ఆ పోటీలో 362 ల్యాపులు పూర్తి చేసింది.

తోడే వైపు

ఈ పనిలో కష్టమంతా ఆయిల్‌ను వెనక్కి తోడడంలో ఉంది. ఎందుకో తెలియాలంటే ఆయిల్ ఎక్కడి నుంచి దిగుతుందో చూడాలి. రోటర్ హౌసింగులు మంట గదులు కాబట్టి వాటి గుండా ఆయిల్ దిగదు. ముందు, మధ్య, వెనుక ఐరన్లలోని ఖాళీల గుండా, ముందు కవర్ గుండా పాన్‌లోకి పడుతుంది. అందుకే కొత్త పల్చటి పాన్‌కు ఒక్క తోడుడు రంధ్రం చాలదు. వేగం పెంచినప్పుడు వెనక్కి, బ్రేకు వేసినప్పుడు ముందుకు పోయే ఆయిల్‌ను అందుకునేలా కనీసం రెండు పెడతారు. ఇంజన్ బయట బిగించే కొత్త పంపులో ఒక్కో రంధ్రానికి ఒక్కో తోడే స్టేజీ, బేరింగులకు ఆయిల్ పంపే ఒత్తిడి స్టేజీ ఉంటాయి. రెండు రంధ్రాలను ఒకే గొట్టానికి కలిపితే, ఏది ఎండితే దాని గుండా పంపు గాలినే పీల్చి రెండోదాన్ని వదిలేస్తుంది.

రోటర్ల నుంచి విసిరినట్టు పడే ఆయిల్‌లో గాలి బాగా కలిసి ఉంటుంది. తోడే స్టేజీలు ఆయిల్‌తో పాటు ఆ గాలిని కూడా లాగాలి కనుక, వాటి మొత్తం సామర్థ్యం ఒత్తిడి స్టేజీ కంటే స్పష్టంగా ఎక్కువ ఉండాలి. ట్యాంకుకు చేరేది కవ్వం పెట్టి చిలికిన మజ్జిగలా నురగగా ఉంటుంది. ట్యాంకు ఎత్తుగా, సన్నగా ఉండి, ఆయిల్ పక్క నుంచి వచ్చి గోడ వెంట సుడి తిరుగుతూ దిగితే గాలి విడిపోయి పైనున్న బ్రీదర్ గుండా పోతుంది. పొట్టి ట్యాంకు డిక్కీలో చక్కగా ఇముడుతుంది గానీ దాని అడుగు నుంచి మళ్లీ నురగే బేరింగులకు వెళుతుంది.

ఒత్తిడి వైపు

ఈ భాగంలో మాజ్దా మెకానిక్‌కు ఒక సౌలభ్యం ఇచ్చింది. మామూలు 13బిలోనే ఆయిల్ ముందు పంపు నుంచి బయటికి పోయి, కూలర్ తిరిగి, వెనుక ఐరన్‌లోకి వచ్చి, ఫిల్టర్ దాటి బేరింగులకు చేరుతుంది. కొత్త ఒత్తిడి గొట్టాన్ని వెనుక ఐరన్‌కున్న ఆ దారికే కలపవచ్చు. పాత పంపును, దాని గొలుసును తీసేసి, ముందు వైపు మిగిలే దారులను గట్టిగా మూయాలి. వాటిలో ఒక్కటి మరిచినా ఒత్తిడితో వచ్చిన ఆయిల్ బేరింగుకు చేరకుండా నేరుగా పాన్‌లోకి కారిపోతుంది. గేజి తక్కువ చూపిస్తుంది, నింద కొత్త పంపు మీద పడుతుంది.

వెనుక ఐరన్‌లోని ప్రెషర్ రెగ్యులేటర్‌ను కూడా పట్టించుకోవాలి. బయటి పంపుకు సొంత రెగ్యులేటర్ ఉంటుంది. పాతది అంతకంటే తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే మిగులు ఆయిల్ పాన్‌లో పడి తోడే స్టేజీల మీద భారం పెంచుతుంది. అందుకే పాతదాన్ని మూసేస్తారు, లేదా ఎక్కువ ఒత్తిడికి సర్దుతారు.

బయటి పంపును షాఫ్ట్ ముందు పుల్లీ నుంచి పళ్ల బెల్ట్‌తో, సాధారణంగా ఇంజన్ వేగంలో సగానికి కాస్త అటూఇటూగా తిప్పుతారు. ఇంజన్ 9,000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే పంపు దాదాపు 4,500 వద్ద ఉంటుంది. అంతకన్నా బాగా వేగంగా తిప్పితే పీల్చే వైపు ఆయిల్ అందక బుడగలు పుడతాయి.

అపెక్స్ సీళ్లకు ఆయిల్ పంపే మీటరింగ్ పంపు ముందు కవర్ మీదే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచుకోవచ్చు. ఉంచితే ముందు వైపు దారులు మూసేటప్పుడు దానికి ఆయిల్ అందుతోందో లేదో చూసుకోవాలి. రేసు కార్లలో ఎక్కువగా దాన్ని తీసేసి, పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపి నడుపుతారు. లీటరుకు సుమారు 10 మి.లీ. అన్నది తరచు వాడే పాళ్లలో ఒకటి.

స్టార్ట్ చేసే ముందు

కొత్తగా బిగించిన ఇంజన్‌ను నేరుగా స్టార్ట్ చేయరు. బెల్ట్ తీసి, డ్రిల్ మెషిన్‌తో పంపును సరైన దిశలో తిప్పి, గేజిలో ఒత్తిడి కనిపించాక బెల్ట్ ఎక్కిస్తారు. ఆయిల్ మట్టం ఇంజన్ వేడెక్కి నడుస్తుండగా ట్యాంకులో చూడాలి. ఆగి ఉన్న బండిలో ట్యాంకులోని ఆయిల్ పంపు సందుల గుండా ఇంజన్‌లోకి మెల్లగా జారుతుంది. అది తెలియక మట్టం తగ్గిందని మళ్లీ పోస్తే, స్టార్ట్ చేసినప్పుడు ఆ అదనమంతా బ్రీదర్ గుండా బయటికి వస్తుంది. బెల్ట్‌కు రాళ్లు తగలకుండా రేకు కవచం, ఒత్తిడి పడిపోగానే ఇంజన్‌ను ఆపే స్విచ్ కూడా పెట్టించుకోవాలి. బెల్ట్ తెగితే ఈ ఏర్పాటులో ఆయిల్ పంపేందుకు మరో పంపు ఉండదు.