సికింద్రాబాదు సూక్ష్మదర్శిని: రోనాల్డ్ రాస్ చూసిన ‘కణం’

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. అతనికి కనిపించినవి జీవపదార్థం ఎండిపోయిన ఖాళీ గదులు. వాటికి పెట్టిన ‘సెల్’ అనే పేరే జీవశాస్త్రంలో నిలిచింది. తెలుగులో దానికి ‘కణం’ రూఢి అయింది. ఇంగ్లీషు మాటలో గది ఉంది, తెలుగు మాటలో అతి చిన్న రేణువు ఉంది. రెండు భాషల మధ్య ఉన్న ఈ అర్థభేదం, 1897లో సికింద్రాబాదులో జరిగిన ఒక పరిశీలనను చదివేటప్పుడు ప్రత్యేకంగా గమనించదగినది.

మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవి ఉన్నదని 1880లో లావెరాన్ అల్జీరియాలో కనుగొన్నాడు. ఎర్ర రక్తకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను భుజించే ఆ జీవి నల్లని వర్ణకపు రేణువులను మిగులుస్తుంది. ఆ నలుపే దాని ఆనవాలు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ దానిని రాస్‌కు చూపించి, దోమ వైపు దృష్టి మళ్ళించాడు. మరుసటి ఏడాది సికింద్రాబాదు చేరిన రాస్ రెండేళ్ళకు పైగా దోమలను కోస్తూనే ఉన్నాడు. ఫలితం దక్కలేదు. అవి మలేరియాను మోసే జాతి దోమలు కావు. అయితే ఆ శ్రమను వృథా అనడం తొందరపాటు. దోమ జీర్ణాశయపు గోడలోని మామూలు కణాలు ఎంత పరిమాణంలో ఉంటాయో, వాటి అంచులు ఎలా కనిపిస్తాయో అతని కన్ను నేర్చుకున్నది ఆ కాలంలోనే.

1897 ఆగస్టులో మచ్చల రెక్కల గోధుమరంగు దోమలు కొన్ని అతనికి లభించాయి. నేటి పరిభాషలో అవి అనాఫిలిస్. ఆగస్టు 16న వాటిని హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక అణా. వేసవిని మించిన ఉక్క. పంకా ఊపిస్తే దోమ ముక్కలు ఎగిరిపోతాయి కాబట్టి గాలి లేకుండానే పని సాగింది. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒకే ఒక్క అక్షికటకం బీటలు వారింది.

ఆగస్టు 20న కోసిన దోమ జీర్ణాశయపు గోడలో సుమారు 12 మైక్రాన్ల వ్యాసంతో, దాదాపు పూర్తి గుండ్రంగా ఒక ఆకృతి కనిపించింది. దాని అంచు మరీ స్పష్టంగా ఉంది. మామూలు జీర్ణాశయ కణం కంటే అది చిన్నది. పక్కనే అటువంటివే మరికొన్ని. నాభ్యంతరం సరిచేసి చూస్తే లోపల నల్లని రేణువులు, మలేరియా పరాన్నజీవిలో ఉండేవే. మరునాడు కోసిన దోమలో ఆ ఆకృతులు మరింత పెద్దవిగా ఉన్నాయి. ఈ రెండో పరిశీలనకు చరిత్రకారులు తగినంత ప్రాధాన్యం ఇవ్వలేదనిపిస్తుంది. నల్లని రేణువు ఏదో మలినం కావచ్చుననే సందేహానికి తావుంది, కానీ మలినం ఒక రోజులో పెరగదు.

ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసానికి రాస్ పెట్టిన శీర్షికలో ‘పరాన్నజీవి’ లేదు, వర్ణకం గల విచిత్ర ‘సెల్స్’ మాత్రమే ఉన్నాయి. అది శాస్త్రవేత్త జాగ్రత్త. దానిని తెలుగులో ‘కణాలు’ అనగానే అవి దోమ దేహంలోని కణాలనే భ్రమ కలుగుతుంది. నిజానికి అవి ఊసిస్టులు. ఒకే కణంగా మొదలై, లోపల కేంద్రకాలు విభజన చెందుతూ, చివరికి వేల స్పోరోజాయిట్లతో నిండే సంచులు. ఇక్కడ ‘కోశం’ అనడమే సముచితం. చిత్రమేమంటే, హుక్ ఉద్దేశించిన గది అనే అర్థం ఆ సంచికి ‘కణం’ కంటే దగ్గరగా ఉంది.

ఆ కోశం పగిలి స్పోరోజాయిట్లు దోమ లాలాజల గ్రంథులకు చేరడాన్ని రాస్ 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియాపై పరిశోధిస్తూ చూశాడు. మానవ మలేరియాలో ఆ చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు లభించింది. అందులో గ్రాసీకి భాగం లేకపోవడం దీర్ఘవివాదమైంది. హుసేన్‌ఖాన్ విషయంలో అటువంటి వివాదమేదీ రేగలేదు.